నిప్పు చూడని ఇటుక

గుమ్మలూరు పురపాలక సంఘం రెండో వార్డు ప్రాథమిక పాఠశాల దీపావళికి కాలిపోయింది. ఎవరింటి తారాజువ్వో తెలియదు. వార్డు మొత్తం మాది కాదంటే మాది కాదంది. అది మాత్రం సూటిగా వచ్చి బడి తాటాకు కప్పు మీద వాలింది. సెలవు కాబట్టి లోపల ఎవరూ లేరు. తాటాకులు, వెదురు వాసాలు, బెంచీలు, నల్లబల్ల, దేశపటం, గడియారం అన్నీ కలిసి ఒక కుప్ప బూడిద అయ్యాయి. మిగిలింది ఒక్క గోడ.

అది వెనకవైపు ఇటుక గోడ. మిగతా మూడు వైపులా తడికలే ఉన్నా, మధ్యాహ్నం వంట పొయ్యి అటు పక్కనే ఉంటుందని ఎవరో ముందుచూపున్నవాళ్ళు ఆ ఒక్క వైపూ ఇటుకలతో కట్టించారు. ప్రధానోపాధ్యాయురాలు మంగతాయారు మర్నాడు పొద్దున్నే వచ్చి, బూడిదలో చెప్పులు కూరుకుపోతున్నా చూసుకోకుండా నేరుగా ఆ గోడ దగ్గరికి నడిచింది. కొంగుతో మసి తుడిచింది. గీతలు అలాగే ఉన్నాయి. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ గీతల సంగతి చెప్పాలి. మంగతాయారుకు ఎవరైనా వెళ్ళిపోతుంటే చూడటం చేతకాదు. చుట్టాలను బస్సెక్కించడానికి వెళితే బస్సు కదలకముందే ఇంటికి వచ్చేస్తుంది. భర్త పోయిన ఏడాది ఆయన చెప్పుల జతను గుమ్మం దగ్గర నుంచి తీయడానికి ఆమెకు పదినెలలు పట్టింది. అందరు మాస్టర్లూ పొద్దున ఒకసారి హాజరు పిలుస్తారు. ఆమె సాయంత్రం కూడా పిలిచేది. పొద్దున వచ్చినవాళ్ళందరూ ఇంకా ఉన్నారని చెవులారా వింటేగానీ ఇంటిగంట కొట్టించడానికి ఆమెకు మనసొప్పదు. ఇక ఐదో తరగతి అయిపోయి వెళ్ళిపోయే పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తిన స్కేలు పెట్టి, ఎంత ఎత్తున్నారో అక్కడ ఇటుక మీద మేకుతో గీత గీసి, పక్కనే పేరు చెక్కేది. పిల్లలు వెళ్ళిపోయేవారు. ఎత్తులు ఉండిపోయేవి. అలా ఇరవై రెండేళ్ళ గీతలు.

నెల తిరక్కుండానే రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిదాని ప్రకారం, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే రోజు నాటికి భవనం లేని పాఠశాలను మూసివేసి, అందులోని విద్యార్థులను అక్షర క్రమంలో నాలుగు పాఠశాలలకు సర్దుబాటు చేస్తారు. ఒకటి రైలు గేటు అవతల. ఒకటి కాలువ అవతల. ఒకటి మార్కెట్ యార్డులో. ఒకటి శ్మశానం రోడ్డులో. మంగతాయారు ఆ కాగితం పట్టుకుని, కొత్తగా చేరబోయేవాళ్ళతో కలిపి ఆ రోజుకు బడిలో ఉండబోయే నలభై ముగ్గురి పేర్లూ అక్షర క్రమంలో రాసుకుంది. మూడో తరగతిలో ఇందు, సింధు అని కవలలున్నారు. ఒకే పలక మీద చెరోవైపు రాసుకునే పిల్లలు. ఇందు రైలు గేటుకు పోతుంది. సింధు శ్మశానం రోడ్డుకు పోతుంది. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పప్పుల డబ్బా అడుగున దాచింది, అక్కడుంటే అది అమలు కాదన్నట్టు.

రెండో ఉత్తర్వు ఇకమీదట కట్టబోయే బడులన్నీ నిప్పుకు తట్టుకునే సామగ్రితోనే కట్టాలని చెప్పింది. అది మంచి మాటే. అయితే ఏ సామగ్రి నిప్పుకు తట్టుకుంటుందో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. కథ అక్కడ మొదలైంది.

అగ్ని నిరోధక నిర్మాణ సామగ్రి ఎంపిక ఉపసంఘానికి అధ్యక్షులు పరాంకుశరావుగారు. ఆయన ఏ శాఖలో ఉద్యోగం చేసి విరమించారో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. విరమించినప్పటి నుంచి మాత్రం ఒక ఉపసంఘం ముగిసేలోపల ఇంకో ఉపసంఘంలోకి, వంతెన దాటినంత సులువుగా దాటిపోతున్నారు. సభ్య కార్యదర్శి ధనరాజు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు. చదివింది ఇంకా మరిచిపోలేదు కాబట్టి చాలా ప్రమాదకరమైన మనిషి. బడి తరఫున మంగతాయారును కూడా సభ్యురాలిగా వేశారు.

మొదటి సమావేశంలో పరాంకుశరావుగారు నిబంధనలు చదివారు. ఏడో నిబంధన: అగ్నికి గురైన ఏ సామగ్రినీ నూతన నిర్మాణంలో వినియోగించరాదు. తొమ్మిదో నిబంధన: వినియోగించబోయే ప్రతి సామగ్రీ నాలుగు గంటలపాటు అగ్నిని సహించగలదని నిర్ధారణ కావలెను. రెండూ విడివిడిగా బాగానే ఉన్నాయి. మంగతాయారు తలూపింది.

ఆ రోజు సామగ్రి చూపించడానికి ఇటుక బట్టీ అబ్బులు వచ్చాడు. ముప్పైరెండేళ్ళవాడు. తండ్రి నుంచి బట్టీ వచ్చింది, గొంతు కూడా ఆయనదే వచ్చింది. ఎంత మెల్లిగా మాట్లాడినా కాలువ అవతలికి వినిపిస్తుంది. మంగతాయారు ఈ బడికి వచ్చిన మొదటి ఏడాది ఐదో తరగతి వాడు. గోడ మీద అన్నిటికంటే పాత గీతల్లో వాడిది ఒకటి. సంచీలోంచి రెండు ఇటుకలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదిగోండి. మా నాన్న కాల్చిన ఇటికతో కట్టిన గోడే బడి తగలడిపోయినా నిలబడిందండి. ఇంకేం కావాలండి మీకు."

పరాంకుశరావుగారు ఇటుకను ముట్టుకోకుండా అన్ని వైపుల నుంచీ చూశారు. "దీని ఉత్పత్తి విధానాన్ని సభ ముందు వివరించండి."

"మట్టి తొక్కుతామండి. అచ్చులో పోస్తామండి. ఆరబెట్టి బట్టీ పేర్చి కాలుస్తామండి."

"కాలుస్తారా?"

"కాల్చకపోతే ఇటికెలా అవుద్దండి?"

"ఎంతసేపు కాలుస్తారు?"

"పది రోజులండి," అన్నాడు అబ్బులు గర్వంగా. "కొందరు వారంలో దించేత్తారు. మేం అలా చెయ్యం."

ధనరాజు కలం ఆగిపోయింది. పరాంకుశరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అనగా ఈ పదార్థం పది అహోరాత్రులు నిరంతరాయంగా అగ్నికి గురైంది. గౌరవ సభ్యురాలి పాఠశాల కాలినది కేవలం ముప్పావు గంట. ధనరాజుగారూ, నమోదు చేయండి. ఏడో నిబంధన ప్రకారం ఈ సామగ్రి తీవ్ర అగ్ని బాధితము. దాచకుండా చెప్పినందుకు ఉత్పత్తిదారును ఉపసంఘం అభినందిస్తున్నది."

అబ్బులు మంగతాయారు వైపు చూశాడు. "టీచరుగారండి, ఈయన నన్ను పొగిడాడాండి, తిట్టాడాండి?"

"నోరు మూసుకో అబ్బులూ," అంది ఆమె. ఆమెకు కూడా తెలియలేదు.

ఆపైన పని చకచకా సాగింది. సిమెంటు కొలిమిలోంచే వస్తుందని ధనరాజు గుర్తుచేశాడు, అది పోయింది. సున్నం కూడా కాల్చిందే, అదీ పోయింది. బూడిద ఇటుకల మాట ఎవరో ఎత్తితే పరాంకుశరావుగారు బాధపడ్డారు. అగ్నికి ఆహుతైపోయిన బొగ్గు అవశేషాలతో పసిపిల్లలకు గోడలు కట్టడం సంస్కారం కాదన్నారు. చివరకు నల్లరాయి మిగిలింది. మంగతాయారు ఊపిరి పీల్చుకుంది. కానీ ధనరాజు లేచి, కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల కరిగి మరిగిన ద్రవమే గడ్డకట్టి ఈ రాయి అయిందని, తను మూడో సంవత్సరంలో చదివానని మనవి చేశాడు.

"ఎన్ని రోజులు మరిగింది?" అడిగారు పరాంకుశరావుగారు.

"అది సిలబస్‌లో లేదండి."

"అయితే సందేహం ఉన్నచోట మినహాయింపు ఇవ్వలేం. తిరస్కరించడమైనది."

అలా ప్రపంచంలో నిప్పు ముఖం చూడని సామగ్రి ఒక్కటే మిగిలింది. పచ్చి ఇటుక. అచ్చులోంచి తీసి, కాల్చకుండా ఆరబెట్టిన మట్టి ముద్ద. బడి దానితోనే కట్టాలని తీర్మానమైంది. ఆరబెట్టడం మాత్రం నీడలోనే. ఎందుకంటే సూర్యుడు కూడా అగ్నిగోళమేనని ధనరాజుకు బాగా గుర్తుంది.

మెట్లు దిగుతూ మంగతాయారు అంది, "ఒరేయ్, నీడలో ఎన్నాళ్ళకు ఆరతాయిరా?"

"ఆరడం మాట దేవుడెరుగునండి. ఓ గట్టి వాన పడిందనుకోండి, బడి కాలవలో కలిసి సముద్రం చూడ్డానికి ఎల్లిపోద్దండి."

ఆమె నవ్వలేదు. రైలు గేటు, శ్మశానం రోడ్డు కళ్ళ ముందు మెదిలాయి.

ఈలోగా బడి కల్యాణ మండపంలో నడుస్తోంది. పిల్లలు పెళ్ళిపందిరి కింద ఎక్కాలు చదివేవారు. ముహూర్తం ఉన్న రోజు బడికి సెలవు ఇవ్వాలి గానీ, పెళ్ళివారు మంచివాళ్ళయితే పిల్లల్ని కూడా పంక్తిలో కూర్చోబెట్టేవారు. మాఘమాసంలో హాజరు నూటికి నూరైంది. పురపాలక సంఘం వారు అందుకు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా రాశారు.

ఇక తొమ్మిదో నిబంధన సంగతి. నాలుగు గంటల నిర్ధారణ. అబ్బులు బట్టీలోనే ఒక పచ్చి ఇటుకను ఉపసంఘం సమక్షంలో నిప్పులో పెట్టారు. నాలుగు గంటలూ పరాంకుశరావుగారు గొడుగు కింద కుర్చీలో కూర్చుని గడియారం చూశారు. తీసి చల్లార్చాక అబ్బులు దాన్ని వేళ్ళతో కొట్టి చూపించాడు. సగం కాలినా సరే, ఖంగున మోగింది.

"అద్భుతము," అన్నారు పరాంకుశరావుగారు. "పూర్వం కంటే దృఢపడినది. నిర్ధారణలో ఉత్తీర్ణమైనది."

మంగతాయారు ముఖం విప్పారింది. "అయితే దీన్ని వాడొచ్చాండీ?"

"ఎలా వాడతామమ్మా? ఇది ఇప్పుడు అగ్నికి గురైంది."

పరీక్షకు పెట్టినదాన్ని వాడకూడదు. వాడబోయేదాన్ని పరీక్షకు పెట్టాలి. ఇంకొకరైతే అక్కడ నిబంధన మార్చేవారు. పరాంకుశరావుగారు అలాంటి మనిషి కాదు. పది నిమిషాలు కళ్ళు మూసుకుని, తెరిచి, పద్నాలుగో నిబంధన చెప్పి రాయించారు.

"ఒకే అచ్చు నుండి వెలువడిన ఇటుకలు తోబుట్టువులుగా పరిగణింపబడును. జంటలో ఒకటి అగ్నిలో నిర్ధారింపబడిన, ఆ ధ్రువపత్రము రెండవదానికి వర్తించును. కావున ఒకే అచ్చు శాంపిళ్ళను తుది నివేదిక వెలువడు వరకు ఒకదాని నుండి మరొకదానిని విడదీయరాదు. నిర్ధారణ స్థలము దాటించరాదు. వాటి నిర్ధారణాధికారిని మార్చరాదు."

"రాశానండి," అన్నాడు ధనరాజు.

మంగతాయారు ఆ నిబంధన రెండుసార్లు విని, ఇటుకలకైనా ఆ భాగ్యం ఉందనుకుంది. అంతకంటే ఏమీ అనుకోలేదు, అప్పటికి.

ఇప్పుడు బడికి ఎన్ని ఇటుకలు కావాలో, అన్ని జంట ఇటుకల్ని కాల్చి చూడాలి. దానికి అబ్బులు బట్టీ పనికిరాదు. అది వ్యాపార స్థలం, ప్రభుత్వ నిర్ధారణ ప్రభుత్వ స్థలంలోనే జరగాలి. బడి ఆవరణలోనే ఒక "తాప సహన నిర్ధారణ మందిరం" కట్టాలని నిర్ణయించారు. వార్డులో అందరూ దాన్ని కాల్చే గది అన్నారు.

"దాన్ని దేంతో కడతారండి?" అడిగింది మంగతాయారు భయం భయంగా.

ఇక్కడ మాత్రం అబ్బులు అందరికంటే ముందు నోరు తెరిచాడు. "అయ్యగారండి, ఏడో నిబంధన బడికేనాండి, కాల్చే గదిక్కూడానాండి?"

పరాంకుశరావుగారు ఫైలు తిరగేశారు. "నూతన పాఠశాల నిర్మాణమునకు మాత్రమే. మందిరం పాఠశాల కాదు."

"మరైతే మంట పెట్టే గదికి మంటలో పండిన ఇటికే కావాలి కదండి. ఇంకోటండి. ఆ పాత గోడ పడగొట్టమని ఉత్తర్వు ఇచ్చారంటగదా, అగ్ని బాధితమని. దానికి నిప్పులో అనుభవం ఉందండి. ఓ పక్క గోడగా అదే ఉంచేత్తే మంచిదేమోనండి."

పరాంకుశరావుగారు మొదటిసారి అబ్బులు వైపు ఆప్యాయంగా చూశారు. "అనుభవజ్ఞుల సేవలను కొనసాగించడమన్నది నేను ఎల్లప్పుడూ సమర్థించే విధానం," అన్నారు.

గోడ పడగొట్టే ఉత్తర్వు ఒకటి వచ్చిందన్న సంగతి మంగతాయారుకు అప్పుడే తెలిసింది. అది రద్దయిన సంగతీ అదే నిమిషంలో తెలిసింది.

అబ్బులు పని మొదలుపెట్టాడు. కట్టుబడి పని జరుగుతున్నంత కాలం వాడు కల్యాణ మండపానికి వచ్చి పిచ్చి పిచ్చి ప్రశ్నలు వేసేవాడు.

"టీచరుగారండి, మీ దాంట్లో అందరికంటే పొట్టిపిల్ల నేల మీద కూకుంటే కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయండి?"

"నీకెందుకురా?"

"మందిరానికి గాలి కన్నాలు పెట్టాలండి. ఎంత ఎత్తులో పెట్టాలో తెలవక."

"మంటకు గాలి కావాలంటే నా పిల్లల కళ్ళతో నీకేం పని?"

"ఏదో లెక్క కావాలి కదండి. పోనీ, వరసకి పదిమంది చొప్పున కూకుంటే మోకాళ్ళు తగలకుండా ఎన్ని అడుగులు పట్టుద్దండి?"

"నీకు అప్పుడూ లెక్కలు రాలేదు, ఇప్పుడూ రాలేదు," అని విసుక్కుని ఆమె కొలిచి చెప్పింది. చిన్నప్పుడు వాడు పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోతే నెత్తిన మొట్టేది. ఇప్పుడు నెత్తి అందదు.

మందిరం లేచింది. పాత గోడనే ఒక వైపు గోడగా ఉంచి, మిగతా మూడు వైపులా మూరెడు మందాన కాల్చిన ఇటుక గోడలు. పైన ఇటుక కమాను కప్పు. బండి పట్టేంత గుమ్మాలు రెండు, ఎదురెదురుగా. వరసగా గాలి కన్నాలు, ఒక్కొక్కటి కిటికీ అంత. ధనరాజు వచ్చి చూసి, కొలిమికి ఇంత వెలుతురు అవసరమా అని అడిగాడు. లోపల ఏం కాలుతోందో కనబడాలి కదండి అన్నాడు అబ్బులు. ధనరాజు అది నిజమేనని రాసుకున్నాడు.

వేసవి ముందు నెల రోజులు ఇటుక జంటలు వచ్చాయి. ఒకటి లోపల, ఒకటి బయట. లోపలివి పండి ఎర్రబడి బయటకు వచ్చేవి, అనర్హమైనవిగా ముద్ర వేయించుకుని కుప్ప పడేవి. బయట నీడలో కూర్చున్న పచ్చివి ధ్రువపత్రం పొందేవి. అనర్హమైన కుప్పను ఆవరణ దాటించకూడదు కాబట్టి అబ్బులు వాటిని మందిరం నేల మీద నీటుగా పరిచేశాడు.

మే నెల మొదట్లో జరిగిన సమావేశమే మంగతాయారుకు అన్నిటికంటే భయంకరమైనది. బడి గోడలు సగం లేచాయి. పరాంకుశరావుగారు తృప్తిగా ఉన్నారు. ధనరాజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"సర్, గోడలు సరే. భవనంలో ఉండబోయే వస్తువుల సంగతేమిటండి? తొమ్మిదో నిబంధనలో ప్రతి సామగ్రీ అని ఉంది. బడిలో ముఖ్యంగా ఉండేది పిల్లలు కదండి."

మంగతాయారు తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

పరాంకుశరావుగారు గంభీరంగా ఆమె వైపు తిరిగారు. "గౌరవ సభ్యురాలు చెప్పాలి. మీ విద్యార్థులు ఏ మేరకు తాపాన్ని సహించగలరు?"

"ఎండలో ప్రార్థన పెడితే పది నిమిషాలండి," అంది ఆమె. "ఆ తర్వాత మంచినీళ్ళని గోల చేస్తారండి."

"పది నిమిషాలు. నమోదు చేయండి. నాలుగు గంటలకు ఇది చాలదు. కలవరపడకండమ్మా, ఉపసంఘానికి మానవత్వం ఉంది. పిల్లలను అగ్నిలో ప్రవేశపెట్టే ప్రశ్నే లేదు. పెడితే ఏడో నిబంధన ప్రకారం తరువాత వారిని పాఠశాలలో వినియోగించుకోలేం. కనుక అగ్ని మినహా మిగతా అన్ని షరతులకూ లోబడి, మందిరంలో, దీర్ఘకాలిక పరిశీలన. నలభై మూడు శాంపిళ్ళు. నిర్ధారణాధికారిగా మిమ్మల్నే నియమిస్తున్నాం."

ఆమె ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది. నియామక పత్రం పప్పుల డబ్బాలో ఉత్తర్వు పక్కన చేరింది. పిల్లల్ని ఇటుకలంటున్నారు. ఇక అంతకంటే ఏం మిగిలింది?

మే ఆఖరి వారంలో బడి పూర్తయింది. నిప్పు చూడని గోడలు, నిప్పు చూడని నేల. కప్పుకు మాత్రం ఏదీ నిబంధనలకు నిలవలేదు కాబట్టి కప్పు వేయలేదు. ప్రారంభోత్సవంలో జ్యోతి ప్రజ్వలన ఉండాలా వద్దా అని చర్చ జరిగి, కుందిలో నూనె పోసి, వత్తి వేసి, అగ్గిపుల్ల చూపించకుండా నమస్కారం పెట్టడంతో సరిపెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తర్వాత వాన వచ్చింది. పెద్ద వాన కూడా కాదు. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి వెలిసింది. మంగతాయారు గొడుగేసుకుని వెళ్ళేసరికి బడి మోకాలెత్తుకు దిగింది. ఆమె చూస్తుండగానే మడమ ఎత్తుకు దిగి, ఎర్రని పాయలుగా వీధి కాలువలోకి నడిచిపోయింది. ఇంత నిమ్మళంగా వెళ్ళిపోయిన దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. పక్కనే మందిరం కడిగిన ముత్యంలా నిలబడి ఉంది.

పరాంకుశరావుగారు మర్నాడు బురదలో చెక్కబల్ల వేయించుకుని దాని మీద నిలబడి తనిఖీ చేశారు.

"అగ్ని వల్ల జరిగిన నష్టం ఏమైనా ఉందా?"

"ఏమీ లేదండి," అన్నాడు ధనరాజు.

"ఎక్కడైనా కాలిన గుర్తు?"

"లేదండి. అసలు ఏ గుర్తూ లేదండి."

"వర్షం ఈ ఉపసంఘం పరిధిలోకి రాదు. అగ్ని నిరోధం విషయంలో భవనం సంపూర్ణ విజయం సాధించింది. ఇకమీదట దీన్ని ఎవరూ కాల్చలేరు. అలా రాయండి."

అబ్బులు గోడ పక్కన నిలబడి మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వు దాచుకుంటున్నాడు. మంగతాయారుకు ఒళ్ళు మండింది.

"నవ్వుతావేరా? వారంలో బడి తెరవాలి. భవనం లేదని నలభై ముగ్గుర్నీ నాలుగు దిక్కులకూ పంపేస్తారు. ఇందు ఒక దిక్కు, సింధు ఒక దిక్కు."

"టీచరుగారండి, మీరు నన్ను పన్నెండో ఎక్కం రాదని మొట్టేవారు. మీకు పద్నాలుగో నిబంధన రాదాండి?"

ఆమె వాడి వైపు చూసింది. తర్వాత మందిరం వైపు చూసింది. కిటికీలంత గాలి కన్నాలు. నేల మీద కూర్చున్న పొట్టిపిల్ల కళ్ళకు అందే ఎత్తులో. వరసకి పదిమంది, మోకాళ్ళు తగలకుండా. ఎదురెదురుగా రెండు గుమ్మాలు, ఎప్పుడైనా నిప్పంటుకుంటే పిల్లలు అటూ ఇటూ కూడా బయటపడేలా. బడి అంటే ఏం కావాలో ఉపసంఘంలో ఒక్కడు ఆలోచించాడు. వాణ్ణి సభ్యుడిగా కూడా వేయలేదు.

"ఎంత గుంభనంగా ఉన్నావురా దొంగవెధవా," అంది ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఆయ్. మీకు చెప్తే భయపడిపోతారనండి."

బడి తెరిచే రోజు పిల్లలు మందిరంలో పాత గోడకు ఎదురుగా నాలుగు వరసలు, మిగిలిన ముగ్గురు వెనక, బుద్ధిగా కూర్చున్నారు. పది గంటలకు పరాంకుశరావుగారు, ధనరాజు సర్దుబాటు జాబితాతో వచ్చారు. ఉపసంఘం పని ముగిసినట్టేనని, ఈ రోజు తుది నివేదిక మీద సంతకం చేసి తాను విశ్రాంతి తీసుకోబోతున్నానని పరాంకుశరావుగారు కొంచెం విచారంగానే చెప్పారు.

మంగతాయారు ఒక అడుగు ముందుకు వేసింది. ముందు రాత్రంతా బట్టీపట్టింది గాబట్టి మాట తడబడలేదు.

"అధ్యక్షులవారికి సవినయంగా మనవి. పాఠశాల భవనం సంగతి నాకు తెలియదండి. నేను నిర్ధారణాధికారిని. మందిరంలో నలభై మూడు శాంపిళ్ళు దీర్ఘకాలిక పరిశీలనలో ఉన్నాయండి. పద్నాలుగో నిబంధన ప్రకారం వీటిని విడదీయరాదు, ఈ స్థలం దాటించరాదు, అధికారిని మార్చరాదు. పరిశీలన పూర్తయ్యే వరకు తుది నివేదిక ఇవ్వడానికి కూడా వీల్లేదండి."

ధనరాజు గబగబా ఫైలు తిప్పాడు. "ఉందండి సర్. మీరే రాయించారు. కానీ ఒకే అచ్చు అని ఉంది. వీళ్ళు ఒకే అచ్చు అనడానికి ఆధారం ఏమిటండి?"

ఆమె గోడ వైపు చెయ్యి చూపింది. ఇరవై రెండేళ్ళ గీతలు, పేర్లు, ఒకదాని మీద ఒకటి. "అచ్చు ఇదేనండి. ఇందులోంచే వస్తున్నారు అందరూ. అదిగో, కింద నుంచి మూడో గీత ఈ అబ్బులుగాడు. నిప్పుల్లోనే బతుకుతున్నాడు, ఏమీ కాలేదు."

"ఏవీ కాలేదండి," అన్నాడు అబ్బులు చేతులు కట్టుకుని.

పరాంకుశరావుగారు చాలాసేపు గోడ చూశారు. పిల్లల్ని చూశారు. తరువాత అసలు విషయం అడిగారు. "పరిశీలన కొనసాగినంత కాలం ఉపసంఘం కూడా..."

"కొనసాగుతుందండి," అంది మంగతాయారు.

"అధ్యక్షుడు..."

"అనుభవజ్ఞుల సేవలు అవసరమండి."

ఆయన కలం జేబులో పెట్టుకున్నారు. విశ్రాంతి ఇంకొన్నాళ్ళు ఆగవచ్చన్న నిశ్చింత ఆయన ముఖంలో కనిపించింది. సర్దుబాటు జాబితాను ధనరాజు ఫైలులో అడుగున పెట్టాడు. ప్రతిదినం సాయంత్రం శాంపిళ్ళ స్థితిగతులను తప్పనిసరిగా నమోదు చేయాలని, ఒక్క రోజు తప్పినా సహించేది లేదని పరాంకుశరావుగారు ఆమెను గట్టిగా హెచ్చరించి వెళ్ళారు.

ఆమెకు అలాంటి ఉత్తర్వు రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

సాయంత్రం నాలుగున్నరకు మంగతాయారు కొత్త రిజిస్టరు తెరిచి పేర్లు పిలిచింది. ఇందు పలికింది. సింధు పలికింది. ఒకరి తర్వాత ఒకరు నలభై ముగ్గురూ పలికారు. గాలి కన్నాల్లోంచి ఎండ ఏటవాలుగా పడి గోడ మీది గీతలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఐదో తరగతి వాళ్ళు ఏడుగురు ముందు వరసలో ఉన్నారు. వచ్చే వేసవికి వాళ్ళు వెళ్ళాలి, దానికి ఏ నిబంధనా అడ్డం రాదని ఆమెకు తెలుసు. ఇంకా ఏడాది ఉంది కదా అనుకుని కలం తీసి రాసింది.

శాంపిళ్ళు నలభై మూడు. చెక్కుచెదరలేదు. పరిశీలన కొనసాగుతున్నది.

అప్పుడు ఇంటిగంట కొట్టమంది.